మూడో లోబు అరగలేదు

నా బామ్మర్ది కుడిచెయ్యి విరగ్గొట్టింది నేనే. కామ్‌షాఫ్ట్‌తో కొట్టాను. కోపమొస్తే చేతిలో ఏది ఉంటే దానితోనే కొట్టే మనిషిని, ఆ రోజు చేతిలో అది ఉంది. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది దాచుకోకుండా చెప్పగలనేమో అని మొదట్లోనే పెడుతున్నాను.

కాజీపేటలో మా ఇంటి వెనక నాకో రేకుల షెడ్డు ఉంది. కంప్యూటర్ తగిలించి రోగం చెప్పించుకునే కొత్త కార్లు నేను ముట్టను. నలభై యాభై ఏళ్ల నాటివి, పారేయడానికి మనసొప్పనివాళ్ల కార్లు నా దగ్గరికొస్తాయి. చప్పుడు విని రోగం చెప్తానని నాకు పేరు. నోరు మంచిది కాదని కూడా పేరు. చెయ్యి మంచిది కాదన్న మాట మాత్రం ఎవరూ నా ముందు అనరు.

బామ్మర్ది నా భార్యకు తమ్ముడు. నర్సంపేట అవతల వాళ్ల ఊరు. రెండేళ్లు వరసగా పత్తి ఎండిపోయాక నా దగ్గరికి పనికొచ్చాడు, పద్దెనిమిదేళ్లు ఉండిపోయాడు. నేను ఇంజన్ విప్పితే వాడు కడిగేవాడు, నేను బిగిస్తే వాడు పట్టుకునేవాడు. మా ఇద్దరి మధ్య పని నడిచేది కాని మాటలు తక్కువ. నేను తిట్టేవాణ్ణి, వాడు వినేవాడు. స్పానరు విసిరితే తల పక్కకు వంచి, కింద పడ్డది తీసుకొచ్చి మళ్లీ నా చేతికిచ్చేవాడు. అది వాడి మంచితనమని అనుకునేవాణ్ణి.

ఆ కారు హన్మకొండలో ఒక రిటైరైన లెక్చరరుది. వాళ్ల నాన్న కాలం నాటిది, తెల్లరంగు, గుండ్రటి బానెట్. ఇంజన్ మొత్తం విప్పి చేశాం. ఇంజన్ బ్లాకును బయటికి పంపి బోరు కొట్టించాం, కొత్త పిస్టన్లు వేశాం. కామ్‌షాఫ్ట్, టాపెట్లు మాత్రం పాతవే బాగున్నాయి, అవే పెట్టాం.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. కామ్‌షాఫ్ట్ అంటే మూరెడు దాటిన ఇనుప కడ్డీ. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఎనిమిది ఎత్తులుంటాయి, వాటిని లోబులంటాం. ఒక్కో లోబు మీద ఒక్కో టాపెట్ కూర్చుంటుంది. టాపెట్ బొటనవేలంత ఉండే ఇనుప ముక్క. లోబు తిరిగినప్పుడల్లా టాపెట్‌ను పైకి తోస్తుంది, దానితో వాల్వు తెరుచుకుంటుంది. నిమిషానికి వెయ్యిసార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ రాసుకుంటూ ఆ రెండూ ఒకదానికొకటి అలవాటు పడిపోతాయి. అందుకే పాత టాపెట్ ఏ లోబు మీద నుంచి తీశామో మళ్లీ ఆ లోబు మీదికే పోవాలి. మారిస్తే ఒకదాన్నొకటి కొరికేస్తాయి. ఈ సంగతి నా షెడ్డులో అడుగుపెట్టిన ప్రతివాడికీ తిట్లతో సహా నేర్పాను. కోడిగుడ్ల అట్ట కత్తిరించి, ముందు వరసలో నాలుగు గుంటలు, వెనక వరసలో నాలుగు గుంటలు, ఒకటి నుంచి ఎనిమిది దాకా మార్కరుతో అంకెలు వేసి అందులోనే టాపెట్లు పెడతాను.

బండి దీపావళి దాటాక ఇచ్చాం. రెండు నెలలు తిరిగిందో లేదో ధర్మసాగర్ రోడ్డు మీద ఆగిపోయింది. ట్రాక్టరుకు తాళ్లు కట్టి లాక్కొచ్చారు. లెక్చరరు దిగి, మా సందు మొదట్లో చాయ్ తాగుతున్న నలుగురి ముందు అన్నాడు.

"నీ పేరు జూసి నీకిచ్చిన. మా బాపు బండిని రోడ్డు మీద పీనుగను చేసినవ్."

ఆ నలుగురూ గ్లాసులు పట్టుకుని నన్నే చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన్ను ఏమీ అనలేను, పెద్దమనిషి. అనలేనిదంతా షెడ్డులోకి మోసుకొచ్చాను.

ఇంజన్ ముందు భాగం విప్పడం గంట పని. నేను అరగంటలో విప్పాను. తిరగని బోల్టును సుత్తితో బాదాను. రేడియేటరు పైపు ఊడకపోతే కత్తితో కోసేశాను. బామ్మర్ది పక్కన నిలబడి అడిగింది అందిస్తున్నాడు. వాడి ముఖం చూడలేదు. కామ్‌షాఫ్ట్ బయటికి లాగి బొటనవేలుతో తడిమాను. మొదటి లోబు చదునైపోయింది. గుడ్డు ఉండాల్సిన చోట రూపాయి బిళ్ల ఉన్నట్టుంది. రెండోదీ అంతే. నా వేలు అక్కడితో ఆగింది.

ముందు వైపు లోబులు పోయాయంటే అటు నూనె అందలేదని అర్థం. ముందు బేరింగు దగ్గర నూనె పోయే సన్నటి రంధ్రం ఒకటుంటుంది. బ్లాకు బోరు నుంచి తిరిగొచ్చాక ఆ రంధ్రాలన్నీ తీగ పెట్టి, కిరసనాయిలు పోసి కడగడం వాడి పని.

"ముందు రంధ్రం కడిగినవారా?" అన్నాను.

"కడిగిన బావా."

"కడిగితే గిట్లెందుకైతది?"

వాడు ఒకసారి ఇంటి వైపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు. ఆ దించుకోవడం నాకు ఒప్పుకోలులా కనిపించింది. పద్దెనిమిదేళ్లు తిండి పెట్టి పని నేర్పితే నా పేరు చెడగొట్టాడన్న మాట ఒక్కటే తలలో మోగింది. కామ్‌షాఫ్ట్ రెండు చేతులా ఎత్తి కొట్టాను. తల మీద పడకుండా వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. నేను రెండోసారి కూడా ఎత్తాను. అప్పటికే చొక్కా చెయ్యి నల్లటి నూనెతో, ఎర్రటి నెత్తురుతో తడిసిపోయింది, మోచేతికీ మణికట్టుకూ మధ్య చెయ్యి వంగకూడని చోట వంగింది. అది చూసి ఆగాను. అది కనపడకపోతే ఆగేవాణ్ణో కాదో నాకు తెలియదు.

నా భార్య తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది. "నేను..." అని ఏదో అనబోయింది. వాడు నేల మీద నుంచే అరిచాడు.

"అక్కా, నువ్వు లోపలికి పో."

చెయ్యి విరిగినవాడి నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. అక్క ముందు సిగ్గుపడుతున్నాడని అనుకున్నాను.

దవాఖానలో డాక్టరు అడిగితే వాడు, ఇంజన్ స్టాండు మీంచి జారి చెయ్యి మీద పడ్డదని చెప్పాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. డాక్టరు ఆ దెబ్బను చూశాడు, నన్ను చూశాడు, రాసుకున్నాడు. లోపల రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంటుంది కాని పిడికిలి మునుపటంత గట్టిగా పడుతుందని చెప్పలేం అన్నారు. పిడికిలి పడకపోతే మెకానిక్ ఏం చేసుకుంటాడు? వాడు ఊరికి వెళ్లిపోయాడు.

మూడో రోజు నా భార్య పెద్దనాయిన ఫోన్ చేశాడు. ఆ ఇంటికి పెద్ద ఆయనే.

"అల్లుడా, పిలగాడు చెయ్యి ఇరగ్గొట్టుకొని వచ్చిండు. ఇంజన్ పడ్డదని వాడంటాండు. నువ్వు గొట్టినవని ఊరంటాంది. ఆయితారం రా, నలుగుట్ల కూసోని మాట్లాడుకుందాం. తప్పు వానిదైతే వాడే నీ కాళ్లు మొక్కి మల్ల పన్లకొస్తడు. నీదైతే నువ్వు మొక్కాలె."

"వస్త మామా. కామ్‌షాఫ్టే పట్టుకొస్త. మీరే జూడుండ్రి," అన్నాను.

నిజం చెప్పాలంటే ఆ మాటతో నాకు ధైర్యమొచ్చింది. తప్పు వాడిదేనని రుజువైతే నేను కొట్టింది కోపంలో కొట్టిన దెబ్బ అవుతుంది, ఎవరైనా కొడతారు అనిపించుకోవచ్చు. కాకపోతే నేనేమవుతానో ఆలోచించదలచుకోలేదు. ఆదివారానికి నాలుగు రోజులుంది. బండి బాగుచేయడానికి కాదు, వాణ్ణి దోషిని చేయడానికి ఆ ఇంజన్‌లో చెయ్యి పెట్టాను.

మొదట రంధ్రం చూశాను. సన్నటి తీగ దూర్చితే అడ్డం లేకుండా అవతల తేలింది. కిరసనాయిలు పోస్తే ధారగా పడింది. ఒళ్లు మండి బ్లాకును కాలితో తన్నాను, కాలివేలి గోరు ఊడింది. బండి లాక్కొచ్చేటప్పుడు కుదుపులకు అడ్డం తొలగిపోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. చింకిగుడ్డ పీలిక ఒకటి ఆ రంధ్రంలో కుక్కి, ఫోన్‌లో ఫోటో తీసి చూపిస్తే సరిపోతుంది కదా అని కూడా అనిపించింది. అనిపించడంతో ఆగలేదు, పీలిక చింపి చేతిలోకి తీసుకున్నాను కూడా. సరిగ్గా అప్పుడే నా భార్య చాయ్ తెచ్చింది. గుడ్డను పిడికిట్లో దాచుకున్నాను.

"దొరికిందా?" అంది.

"దొరుకుతది. ఎక్కడికి పోతది?" అన్నాను.

ఆమె కామ్‌షాఫ్ట్ వైపు చూసింది. దాని మీద తమ్ముడి నెత్తురు ఎండి ఉంది. నేను ఇంకా కడగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక సిగ్గేసి పీలిక పారేశాను. కామ్‌షాఫ్ట్‌ను కిరసనాయిలులో ముంచి బ్రష్షుతో రుద్ది, ఎండలోకి తెచ్చి చూశాను. కొట్టిన రోజు రెండో లోబు దగ్గర ఆగిన నా వేలు ఈసారి మూడో లోబు మీదికి జరిగింది. అది అరగలేదు. గీత కూడా లేదు, అద్దంలా ఉంది. నాలుగోది మళ్లీ చదును. ఐదు నుంచి ఎనిమిది దాకా అన్నీ కొత్తవాటిలా ఉన్నాయి.

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. నూనె అందకపోతే ముందున్న నాలుగూ ఎండిపోవాలి. రెండోదీ నాలుగోదీ చచ్చి, వాటి మధ్యనున్న మూడోది బతకడం కుదరదు. నూనె వాటి పేర్లు అడిగి పోయదు. ఇనుము నాసిరకం అయితే ఎనిమిదీ పోవాలి. ఇంత పనితనం ఉన్న మనిషిని, ఆ రోజు ఇంకో అంగుళం వేలు జరిపి ఉంటే ఈ సంగతి అప్పుడే తెలిసేది. ఒక్క అంగుళం.

తర్వాతి రోజు టాపెట్లు చూశాను. పాడైన మూడింటి ముఖాలు ఎలుకలు కొరికినట్టు గుంటలు పడ్డాయి. మూడో లోబు మీదిది నున్నగా ఉంది, వెనక నాలుగూ నున్నగా ఉన్నాయి. ఇంక అనుమానం లేదు. ముందు వరసలో టాపెట్లు తారుమారయ్యాయి. నాలుగింటిలో ఒకటి మాత్రం ఎట్లాగో తన చోటికే చేరింది. వెనక వరసను ఎవరూ ముట్టుకోలేదు.

కాని బిగించింది నేనే, అట్టలో ఉన్న వరస ప్రకారం ఒక్కొక్కటి తీసి బిగించాను. అంటే అట్టలోనే మారి ఉండాలి. గోడ మీది చెక్క నుంచి అట్ట దించాను. వెనక వరస గుంటల్లో నల్లటి నూనె మరకలు ఉన్నాయి. ముందు వరస గుంటల్లో నూనె మరకల మీద ఎర్రటి మరకలు, అంచుల్లో పసుపు. వేలితో రాస్తే కుంకుమ అంటింది.

దసరా నాడు ఆ ఇంజన్ విప్పి ఉంది. బ్లాకు బోరుకు పోయింది. పొద్దున్నే నేనూ బామ్మర్దీ యాట మాంసం కోసం పోయాం. వాడు ముందు తిరిగొచ్చాడు, నేను దోస్తులతో ఆగిపోయి మధ్యాహ్నానికి వచ్చాను. ప్రతి దసరాకూ మేం లేనప్పుడే నా భార్య షెడ్డు ఊడ్చి, స్పానర్లు, జాకీ, వైసు అన్నీ కడిగి బొట్లు పెట్టి పూజ చేస్తుంది. కాలుతున్న ఊదుబత్తి వాసన తప్ప నేను ఎప్పుడూ ఏదీ పట్టించుకోలేదు.

శనివారం సాయంత్రం ఆ అట్ట పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. ఒట్టు, ఆ నిమిషాన నాకు కోపం లేదు. అడుగుదామనే వెళ్లాను. ఆమె పొయ్యి దగ్గర ఉంది. వెనక్కి తిరిగి, నా ముఖం కాదు, నా చేతిలో అట్ట చూసింది. పొయ్యి ఆర్పింది. మరిగే పప్పుగిన్నెను గోడ వైపుకి జరిపింది. తర్వాత మోచేతుల దాకా తడి తుడుచుకుని, చేతుల గాజులు ఒక్కొక్కటే తీసి గూట్లో పెట్టింది. తొందర లేదు. అలవాటైన పని చేసినట్టు చేసింది. ఒకసారి నేను కొట్టినప్పుడు పగిలిన గాజు మణికట్టులో దిగి మూడు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు ఇట్లా ముందే తీసి పెట్టుకుందో, నేను చూడనే లేదు. ఎనిమిది లోబుల్లో ఏది అరిగిందో వేలితో చెప్పేవాణ్ణి, నా ఇంట్లో నా భార్య గాజులు ఎప్పుడు తీస్తుందో తెలియదు.

తీసి, చేతులు రెండూ పక్కలకు దించి నిలబడింది.

"వాన్నేమనకు. నేనే కడిగిన," అంది. "పళ్లెంల నాలుగే పట్టినయ్. చింతపండుతోటి తోమిన, బొట్లు పెట్టిన. తమ్ముడొచ్చి జూసి నెత్తి పట్టుకున్నడు. ఏది ఎక్కడిదని అడిగితే నాకేం తెల్సు? వాడు కూసోని ఎండకు పెట్టి జూసి జూసి అంచనాగ పెట్టిండు. బావకు చెప్తనంటే వద్దన్నడు."

"ఎందుకొద్దన్నడు?" అన్నాను.

ఆమె గూట్లో గాజుల వైపు చూసింది. అదే జవాబు.

ఆ రోజు చెప్పి ఉంటే ఏమయ్యేది? టాపెట్లు నాలుగు తీసుకుపోయి ముఖాలు గ్రైండింగు చేయిస్తే అయిపోయేది. ఒక పూట పని. కాని ఆ ఒక్క పూట నేను ఏం చేసేవాణ్ణో ఆ అక్కాతమ్ముళ్లకు తెలుసు. ఇద్దరూ కలిసి, నా దెబ్బ ఎవరి మీద పడాలో ముందే తేల్చుకున్నారు. వాడు ఇంటి వైపు చూసింది ఇందుకు. తల దించుకుంది ఇందుకు. అట్ట కింద పెట్టి బయటికొచ్చాను.

ఆదివారం ఇద్దరం బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాం. కామ్‌షాఫ్ట్ గోనెసంచిలో చుట్టి తీసుకెళ్లాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. తప్పు వాడిది కాదు, నేనే తొందరపడ్డాను అని చెప్పాలనుకున్నాను. నేను మంచివాణ్ణి కాదు కాని అబద్ధాలకోరును మాత్రం కాదని నా నమ్మకం.

వాకిట్లో మంచాలు వేశారు. పెద్దనాయిన, ఇంకో నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. ఆడవాళ్లు గడప దగ్గర. నా భార్య వాళ్లలో కలిసిపోయి కూర్చుంది. బామ్మర్ది చెయ్యి మెడకు వేలాడేసుకుని గోడకానుకుని ఉన్నాడు. వేళ్లు ఉబ్బి నల్లబడ్డాయి. నేను గోనెసంచి విప్పి కామ్‌షాఫ్ట్ వాళ్ల ముందు పెట్టాను. పెద్దనాయిన దాన్ని ఎత్తి చూసి, బరువుకు కనుబొమలు ముడిచాడు.

"దీంతోటా?" అన్నాడు. దాన్ని కింద పెట్టాడు. "సరే. చెప్పు అల్లుడా. ఎట్లరిగింది? ఎవని తప్పు?"

నేను లేచి నిలబడ్డాను. "టాపెట్లు..." అని మొదలుపెట్టాను. ఆ మాట తర్వాత ఏముందో అప్పుడు తెలిసింది. టాపెట్లు మారాయంటే ఎవరు మార్చారని అడుగుతారు. మార్చినవాళ్లు ఎందుకు దాచారని అడుగుతారు. ఎందుకు దాచారో చెప్పాలంటే, ఈ వాకిట్లో, ఆమె పుట్టింటివాళ్ల ముందు, ఆమె మణికట్టు మీది కుట్ల గురించి చెప్పాలి. గడప దగ్గర నుంచి ఆమె నన్నే చూస్తోంది. నెత్తి మీద కొంగు సర్దుకునే నెపంతో చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇనుప కడ్డీ ఎత్తడానికి రెండు చేతులూ లేచిన మనిషికి నాలిక లేవలేదు.

నేను ఆగేసరికి బామ్మర్ది గోడ వదిలి ముందుకొచ్చాడు.

"తప్పు నాదే పెదనాయినా," అన్నాడు. "నూనె పొయ్యే రంధ్రం నేనే సరిగ కడుగలే. బావ చెప్పిండు, నేను ఇనలే."

పెద్దమనుషులు ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో, గట్లైతే ఒడిసింది, అన్నారు. లోపల ఎవరో అన్నానికి విస్తళ్లు తీస్తున్నారు. వాడు నా దగ్గరికొచ్చి, విరిగిన చెయ్యి కడుపుకు అదుముకుని, నొప్పికి పళ్లు బిగించి కిందికి వంగాడు. వంగుతూ నాకొక్కడికే వినపడేటట్టు అన్నాడు.

"ఇగ అక్కనేమనకు బావా."

వాడి ఎడమ చెయ్యి నా పాదాల మీద పడింది. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.